దాణా సంచి కొనకుండా నాటుకోడి

పొద్దు గూకింది. కోళ్లు ఒక్కొక్కటే ఇల్లు చేరుతున్నాయి. కట్టంగూరు అయినా, చుట్టుపక్కల ఏ పల్లె అయినా ఈ వేళకు ఇదే పని. కోళ్లను పిలవాలి, లెక్కపెట్టాలి, గంప కింద కమ్మాలి.

తెలిసిన ఆడవాళ్లు ఇంకొక పని కూడా చేస్తారు. కోడిని చేత పట్టుకుని మెడ కింద, రొమ్ము పైభాగాన తడిమి చూస్తారు. అక్కడ ఒక సంచి ఉంటుంది. కోడి మింగినదంతా ముందు ఆ సంచిలోకే పోతుంది. తరువాత కొంచెం కొంచెంగా కందనకాయలోకి దిగుతుంది. పొద్దు గూకే వేళకు ఆ సంచి నిమ్మకాయలా గుండ్రంగా, నిండుగా తగలాలి. అట్లా తగిలితే కోడికి ఆ రోజు కడుపు నిండినట్టే. ఇంకేమీ పెట్టనక్కర లేదు. వదులుగా, ఖాళీగా తగిలితే ఆ రోజు బయట దానికి మేత దొరకలేదని అర్థం.

ఈ ఒక్క పరీక్ష వస్తే సగం పని వచ్చినట్టే. నాటుకోడికి రోజూ ఇంత మేత అని ముందే కొలిచి చెప్పడం కుదరదు. ఆ రోజు దానికి బయట ఏం దొరికిందో దాన్ని బట్టి ఉంటుంది.

లెక్క వేసి చూద్దాం

ఒక ఇంట్లో 10 పెట్టలు ఉన్నాయి అనుకుందాం. పెద్ద కోడి రోజుకు సుమారు 100 గ్రాముల మేత తింటుంది. అంటే 10 కోళ్లకు రోజుకు 1 కిలో. నెలకు 30 కిలోలు. ఈ మేతంతా దుకాణంలో కొన్నారు అనుకుందాం. కిలో 40 రూపాయలు అనుకుంటే నెలకు 1200 రూపాయలు.

ఇప్పుడు రాబడి చూద్దాం. నాటు పెట్ట ఏడాదికి సుమారు 60 గుడ్లు పెడుతుంది. 10 పెట్టలు 600 గుడ్లు. నెలకు 50 గుడ్లు. గుడ్డు 12 రూపాయలు అనుకుంటే 600 రూపాయలు.

ఖర్చు 1200. రాబడి 600. ధరలు ఊరును బట్టి మారుతాయి. ఎవరి ఊరి ధర వారు వేసి చూసుకోవచ్చు. ఎట్లా వేసినా కోడి తినే దాణాకే గుడ్ల పైసలు చాలవు.

మరి కోళ్ల ఫారం వాళ్లకు ఎట్లా గిడుతుంది? ఫారం కోడి ఏడాదికి 300 గుడ్లు పెడుతుంది. అది దాణా సంచి కోసమే తయారు చేసిన జాతి. బోనులో ఉంటుంది. బయట తిరగదు, ఏరుకోదు. నాటుకోడి అట్లా కాదు. తన తిండి తానే వెతుక్కునే కోడి అది. సంచి దాణా పెడితే దాని గుణాన్ని వదిలేసి లేని గుణానికి ఖర్చు పెట్టినట్టు.

కోళ్ల పైసలు చాలా ఇళ్లల్లో ఆడవాళ్ల చేతి పైసలు. పిల్లల నోటు పుస్తకాలు, ఆస్పత్రికి పోను బస్సు చార్జి, చుట్టాలు వస్తే ఇంత ఖర్చు. ఎవరినీ అడగకుండా చేతిలో ఆడే పైసలు అవి. ఆ పైసలు దాణా దుకాణానికి పోకుండా ఉండాలంటే కోడి సంగతి కొంచెం తెలుసుకోవాలి.

కోడి ఏం వెతుకుతుంది?

పెంటకుప్ప మీద కోడిని కొంచెం సేపు చూడండి. కాళ్లతో గీకుతుంది. వెనక్కి జరుగుతుంది. తల వంచి చూస్తుంది. ఒక గింజ ఏరుతుంది. ఒక పురుగును ముక్కుతో పట్టి విదిలించి మింగుతుంది. రెండు అడుగులు వేసి ఒక ఆకు కొస తుంచుతుంది. ఒక చిన్న రాయిని కూడా మింగుతుంది. కోడికి పళ్లు లేవు కదా. ఆ రాళ్లే కందనకాయలో తిరగలిలా పని చేసి గింజను పిండి చేస్తాయి.

గింజ వల్ల కోడికి బలం, వేడి వస్తాయి. పురుగులో మాంసకృత్తులు ఉంటాయి. కండ పెరగాలన్నా, ఈకలు రావాలన్నా, గుడ్డు తయారు కావాలన్నా మాంసకృత్తులు కావాలి. ఆకుతో విటమిన్లు వస్తాయి, గుడ్డు సొన పచ్చగా ఉంటుంది. గుడ్డు పెంకుకు సున్నం కావాలి.

చాలామంది పొరబడేది ఇక్కడే. కోడికి మేత అంటే గింజలే అనుకుంటారు. ఏడాది పొడవునా పొద్దున ఒక గుప్పెడు నూకలు చల్లుతారు. కోతల కాలంలో కల్లం నిండా గింజలే ఉంటాయి. అప్పుడు చల్లిన నూకలు దండుగ. అప్పుడు కోడికి తక్కువ పడేది పురుగు. వానలు పడ్డాక సంగతి తారుమారు అవుతుంది. ఎక్కడ గీకినా పురుగే. కాని ఇంట్లో గింజ ఒడిసిపోయి ఉంటుంది, చేలల్లో పంట ఇంకా రాలేదు. అప్పుడు కోడికి గింజ కావాలి. ఎండాకాలంలో ఆ రెండూ దొరకవు. బయట ఏది లేదో అది ఇంటి నుంచి పెట్టాలి. ఉన్నదాన్నే మళ్లీ పెట్టొద్దు.

కాబట్టి కోతలప్పుడే కొంత ముందుచూపు కావాలి. వరి కల్లంలో తాలు, నూక, పొల్లు మిగులుతాయి. జొన్న, సజ్జ వేసిన చోట చిన్న కంకులు, చీడ పట్టిన కంకులు మిగులుతాయి. చేలో పరిగె ఏరుకోవచ్చు. వీటిని బాగా ఎండబెట్టి, కుండలోనో డబ్బాలోనో పోసి మూత పెట్టాలి. ఇది మృగశిర నుంచి దసరా దాకా పనికొస్తుంది. తౌడు మాత్రం నిలవ ఉండదు. అందులో నూనె ఉంటుంది. కొన్నాళ్లకే కంపు కొడుతుంది, చేదెక్కుతుంది. పది పదిహేను రోజులకు సరిపడా తెచ్చుకోవడం మేలు.

చెదల కుండ

పురుగు లేని కాలంలో పురుగును ఎక్కడ నుంచి తేవాలి? చెదలు ఉన్నాయి. చెదలు ఇంటి దూలాన్ని తింటాయని అందరికీ తెలుసు. కోడికి మాత్రం చెద బలమైన తిండి. పశ్చిమ ఆఫ్రికాలో బుర్కినా ఫాసో, టోగో దేశాల రైతులు చెదలను కుండల్లో పట్టి కోడిపిల్లలకు పెడతారు. అవి కూడా మన దిక్కు లాగే ఎండలు ఎక్కువ ఉండే నేలలు. ఈ పనికి పైసా ఖర్చు లేదు.

నోరు పగిలిన పాత కుండ ఒకటి చాలు. అందులో ఎండు పేడ, తుంచిన జొన్న చొప్ప, చిరిగిన గోనె పీలికలు కూరాలి. నీళ్లు చల్లి తడి చేయాలి. బురద కావొద్దు. చెదల బాట కనిపించిన చోట, లేదంటే పుట్ట పక్కన, నేలను నాలుగు వేళ్ల లోతు గీకాలి. కుండను ఆ చోట బోర్లించాలి. పైన తడి గోనె కప్పి, గాలికి పోకుండా రాయి పెట్టాలి. నీడ ఉన్న చోటైతే మంచిది. సాయంత్రం పెడితే మరునాడు తెల్లవారుజామున చూడాలి. చెదలు పేడ నిండా ఎక్కి ఉంటాయి. ఎక్కకపోతే ఇంకొక రాత్రి ఉంచాలి. ఎండెక్కక ముందే తీసి కోడిపిల్లల ముందు దులపాలి. ఆలస్యం చేస్తే చెదలు మళ్లీ నేలలోకి దిగిపోతాయి, లేదంటే చీమలు పడతాయి.

ఈ సంగతి వింటే ఇంట్లో ఒక అనుమానం తప్పకుండా వస్తుంది.

"అత్తమ్మా, చెదలను మనమే పిలిస్తే ఇంట్లకు రావా?"

"ఇంటి గోడ పక్కన ఎవరు పెడ్తరు బిడ్డా? పెంటకుప్ప అవతల, కంచె దగ్గర పెట్టాలె. ఆడ ఉన్న చెదలనే పట్టి కోడికి పెడ్తున్నం. కొత్తగ పుట్టిస్తలేము గద."

అత్త మాట నిజం. ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. చెదల మందు కొట్టిన చోట, పత్తికి మందులు కొట్టిన చేను గట్టున కుండ పెట్టొద్దు. మందు తిన్న చెదను తింటే కోడిపిల్ల బతకదు.

తొలకరి వానలకు ఉసిళ్లు లేస్తాయి. దీపం కింద వెడల్పు గిన్నెలో నీళ్లు పోసి పెడితే రాత్రికి గిన్నె నిండుతుంది. పొద్దున వాటిని వడగట్టి పెట్టొచ్చు. ఎక్కువైతే ఎండబెట్టి దాచుకోవచ్చు. పెంటకుప్పను వారానికి ఒకసారి పారతో తిరగేస్తే లోపలి పురుగు పైకి వస్తుంది. కోళ్లే వచ్చి ఏరుకుంటాయి. చచ్చిన జంతువు మీద పట్టిన పురుగును మాత్రం కోళ్లను తిననీయొద్దు. కుళ్లిన శవంలో ఒక విషం పుడుతుంది. ఆ పురుగు తిన్న కోడి మెడ వాల్చేసి చనిపోతుంది. చచ్చిన వాటిని లోతుగా పూడ్చాలి.

పిల్లలకు వేరే గంప

చాలా ఇళ్లల్లో మేత ఎంత చల్లారు అన్నది కాదు సమస్య. ఎవరు తిన్నారు అన్నది సమస్య. వాకిట్లో నూకలు చల్లగానే పుంజు వస్తుంది, పెద్ద పెట్టలు వస్తాయి. కోడిపిల్ల అంచున నిలబడి ఉంటుంది. దానికి పొడుపులు మిగులుతాయి, గింజ దొరకదు. పిల్లలు చనిపోతే గద్ద తన్నింది, పిల్లి పట్టింది అంటారు. అది నిజమే. కాని కడుపు మాడిన పిల్ల తల్లికి దూరంగా, చాలాసేపు తిరుగుతుంది. గద్దకు, పిల్లికి దొరికేది కూడా అదే.

దీనికి ఒక సులువైన ఉపాయం ఉంది. గంపను బోర్లించి, కింద మూడు రాళ్లు పెట్టి లేపాలి. పిల్ల దూరేంత సందు ఉండాలి. తల్లి దూరకూడదు. మేత, నీళ్లు గంప కింద పెట్టాలి. పిల్లలు లోపలికి పోయి తింటాయి. పెద్దవి చుట్టూ తిరుగుతాయి గాని తల పెట్టలేవు. గంప పైన ఉండటం వల్ల గద్ద భయం కూడా లేదు. పిల్లలు పెరిగే కొద్దీ రాళ్లు మార్చి సందు పెంచాలి.

పిల్లల మేతలో సుమారు ఐదో వంతు మాంసకృత్తులు ఉండాలి. వట్టి నూకల్లో అంత ఉండదు, పదో వంతు కూడా రాదు. అందుకే నూకలు మాత్రమే తిన్న పిల్ల పెరగదు. ఈకలు ఆలస్యంగా వస్తాయి. తూకంలో 5 పాళ్లు సన్న నూకలు లేదా జొన్న రవ్వ, 2 పాళ్లు తౌడు, 3 పాళ్లు పల్లి చెక్క పొడి కలిపితే కావలసినంత దగ్గరికి వస్తుంది. చెదలు గాని, ఉప్పు లేకుండా బాగా కడిగి ఎండబెట్టిన చేప తలల పొడి గాని కొంచెం కలిస్తే ఇంకా మంచిది. పిల్లలకు ఉప్పు పడదు. ఉప్పు ఎక్కువైతే చనిపోతాయి. ఎండుచేపలు కడగకుండా పెట్టొద్దు. పచ్చడి మెతుకులు కూడా పెట్టొద్దు.

పల్లి చెక్క కొనేదే కదా అనవచ్చు. కొనేదే. కాని ఎంత? పిల్ల మొదటి వారం రోజుకు 10 గ్రాములు తింటుంది. ఆరు వారాలకు 40 గ్రాముల దాకా పోతుంది. సగటున 25 గ్రాములు అనుకుందాం. 10 పిల్లలకు రోజుకు పావు కిలో. ఆరు వారాలకు పదిన్నర కిలోలు. ఇందులో సగం తల్లి వెంట తిరిగి అవే తింటాయి. ఇంటి నుంచి పెట్టేది ఐదారు కిలోలు. అందులో చెక్క కిలోన్నర, మహా అయితే రెండు కిలోలు. పెద్ద కోళ్లకు నెలనెలా 30 కిలోలు కొనడం ఎక్కడ, ఇది ఎక్కడ? ఖర్చు పెట్టాలంటే ఈ ఆరు వారాల మీదనే పెట్టాలి.

పొదిగే పెట్టను కూడా మరిచిపోతారు. అది 21 రోజులు గుడ్ల మీదనే కూర్చుంటుంది. రోజుకు ఒకసారి లేచి వస్తుంది. దూరం పోయి వెతుక్కుంటే గుడ్లు చల్లబడతాయి. అందుకని దాని దగ్గరలోనే గింజలు, నీళ్లు పెట్టాలి. ఈ కొద్ది రోజులు దానికి గింజలే చాలు.

గుడ్లు పెట్టే పెట్టకు సున్నం కావాలి. ఒక్కో గుడ్డు పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. బయట నుంచి అందకపోతే పెట్ట తన ఎముకల నుంచి తీసి ఇస్తుంది. పెంకు పలుచబడటం, తోలుగుడ్డు పెట్టడం దీనికి గుర్తులు. చెరువు గట్టున దొరికే నత్త గుల్లలను దంచి మూకుడులో పెడితే చాలు. దానికి ఎంత కావాలో అంతే తింటుంది. ఇంట్లో వాడిన గుడ్డు పెంకులు కూడా పనికొస్తాయి. కాని వాటిని వేయించి, పొడి చేసి పెట్టాలి. పెంకుల్లాగే వేస్తే కొన్ని కోళ్లకు గుడ్లు పొడుచుకుని తినే అలవాటు అవుతుంది. ఆ అలవాటు ఒకసారి వస్తే మాన్పించడం కష్టం.

ఆకు సంగతి ఎక్కువ చెప్పే పని లేదు. తోటకూర, గంగవాయిలి కూర, మునగాకు కట్ట కట్టి కోడి ముక్కుకు అందే ఎత్తులో వేలాడదీస్తే తుంచుకుని తింటాయి. అజొల్లా అనే నీటి నాచును కూడా పెంచి పెట్టవచ్చు. మాంసకృత్తులు బాగానే ఉంటాయి. కాని దానికి గుంత, నీడ, ఎప్పుడూ నిలువ నీళ్లు కావాలి. బోరు ఉన్న ఇంటికి అది సరే. బిందె నీళ్లు మోసుకునే ఇంటికి ఎండాకాలంలో అది కోళ్ల పని కాదు, ఇంకొక చాకిరీ.

పెట్టకూడనివి

బూజు పట్టిన పల్లి చెక్క కోళ్లకు విషం. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. ఎందుకు చనిపోతున్నాయో మొదట ఎవరికీ అర్థం కాలేదు. వెతికితే బ్రెజిల్ నుంచి వచ్చిన పల్లి పిండిలో బూజు కనిపించింది. ఆ బూజు పుట్టించే విషానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. ఉడకబెట్టినా, ఎండబెట్టినా ఆ విషం పోదు. బూజు చెక్కను కడిగి పెడదాం అనుకోవద్దు, పారేయాలి. మక్కలు, నూకలకు బూజు పట్టినా ఇదే మాట.

నల్లగొండ, మహబూబ్‌నగర్ దిక్కు ఆముదం పాత పంట. ఆముదపు గింజలో, నూనె తీసిన పిండిలో రిసిన్ అనే గట్టి విషం ఉంటుంది. ఆ పిండి చేనుకు ఎరువు. అది కోళ్లు గీకే చోట పోయొద్దు. పల్లి చెక్క, ఆముదం పిండి ఒకే మూలన సంచుల్లో ఉంటే ఒకదాన్ని ఇంకొకటి అనుకునే ప్రమాదం ఉంది. చదువు నేర్చినవారు సంచుల మీద పేరు రాసి పెట్టవచ్చు.

రంగు పూసిన విత్తనాలు ఇంకొక ప్రమాదం. ఎర్రగా, నీలంగా, ఆకుపచ్చగా ఉండే విత్తనాలకు మందు పట్టించి ఉంటుంది. విత్తగా మిగిలినవి కోళ్లకు చల్లొద్దు. విత్తనాల ఖాళీ సంచిని కూడా వాకిట్లో దులపొద్దు. పత్తి గింజలు బర్రెలకు సరే గాని కోళ్లకు వద్దు.

ఇన్ని జాగ్రత్తలు చేసినా కొక్కెర తెగులు వస్తే మేత కాపాడదు. టీకా ఒక్కటే కాపాడుతుంది. ఎప్పుడెప్పుడు వేయించాలో పశువుల ఆస్పత్రిలో అడగాలి.

వనరాజా, గ్రామప్రియ అనే జాతులను హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థలో తయారు చేశారు. పెరట్లో తిరిగి బతికేటట్టే చేశారు. ఏడాదికి నాటుకోడి కంటే ఎక్కువ గుడ్లు పెడతాయి. కాని ఎక్కువ గుడ్లు ఊరికే రావు. వాటికి ఇంటి నుంచి మేత కూడా ఎక్కువ కావాలి. వాటి పిల్లలకు తల్లి ఉండదు. మొదటి ఆరు వారాలు వేడి, సరైన దాణా మనమే ఇవ్వాలి. ఆ ఆరు వారాలకు దాణా కొనడం తప్పు కాదు. ఆ ఖర్చు పెట్టలేని ఇంటికి నాటు పెట్టే మేలు.

మేక ఉన్న ఇల్లు

ఒకటి రెండు మేకలు ఉంటే వాటికీ దాణా కొనే పని లేదు. మేక కింద పడ్డ మేతను తొక్కి వదిలేస్తుంది. అవిశె, సుబాబుల్, వేప మండలను కట్టి వేలాడదీస్తే అంతా తింటుంది. సుబాబుల్ మాత్రం మొత్తం మేతలో మూడో వంతు మించొద్దు. ఎక్కువైతే వెంట్రుకలు ఊడతాయి. ఎండాకాలంలో నల్ల తుమ్మ కాయలు, సర్కారు తుమ్మ కాయలు ఏరి దాచుకుంటే మంచి బలం.

జొన్న నాము సంగతి పెద్దవాళ్లకు తెలుసు. వాన లేక వాడిన లేత జొన్నలో, కోసిన మోళ్ల మీద వచ్చిన పిలకలో విషం ఉంటుంది. మేక గాని, బర్రె గాని తింటే కొద్దిసేపట్లోనే పడిపోవచ్చు. పెండ్లి ఇంట మిగిలిన అన్నం బుట్టెడు తెచ్చి మేకకు పెట్టడం కూడా అట్లాంటిదే. కడుపులో పులిసి, ఉబ్బి, చనిపోతుంది. అన్నం కోళ్లకు కొంచెం వేయొచ్చు. మేకకు వద్దు.

రోహిణి ఎండలు

ఎండ 40 డిగ్రీలు దాటితే కోడి మేత తగ్గిస్తుంది. నోరు తెరిచి, రెక్కలు దూరం పెట్టి నీడన కూర్చుంటుంది. అప్పుడు దానికి కావలసింది నీళ్లు. వేప చెట్టు కింద రెండు మూడు చోట్ల మట్టి మూకుళ్లు పెట్టి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నీళ్లు మార్చాలి. పిల్లలు పడి మునగకుండా మూకుడులో రెండు రాళ్లు వేయాలి. మేత తెల్లవారుజామున, మళ్లీ పొద్దు గూకే ముందు పెట్టాలి. మధ్యాహ్నం చల్లిన గింజ చీమల పాలే.